చెట్టు దిగిన గడియ నుంచి

2023 మే 3న హైదరాబాదు నడిబొడ్డున, హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డు మీద ఒక కొత్త పానశాల తలుపులు తెరిచింది. పేరు నీరా కేఫ్. తాటి, ఈత చెట్ల నుంచి దిగిన, ఇంకా పులియని తియ్యటి రసమే నీరా. 2020లో శంకుస్థాపన జరిగిన ఆ భవనాన్ని తెలంగాణ ప్రభుత్వమే కట్టించింది. నగరంలో తాగడానికి, కాలక్షేపానికి చోట్లు కొత్తేమీ కాదు. మాల్స్‌లో బౌలింగ్ ఆడుకునే వరుసలున్నాయి, వాటి పక్కనే బార్లున్నాయి, అక్కడికక్కడే బీరు కాచి పోసే మైక్రోబ్రూవరీలున్నాయి. అయితే వాటిలో దొరికే ప్రతి పానీయానికీ, నీరాకూ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. విస్కీ సీసా ఏళ్ల తరబడి అలమారలో ఉంటుంది. బీరు సీసా నెలలు ఆగుతుంది. నీరా మాత్రం చెట్టు దిగిన గడియ నుంచే మారడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున తియ్యటి రసంగా ఉన్నది, ఊరికే వదిలేస్తే మధ్యాహ్నానికి కల్లు, మరునాటికి పుల్లటి కల్లు, ఆ తర్వాత దాదాపు సిర్కా.

కాబట్టి నీరాను నగరానికి తేవడమంటే కాలంతో పందెం కాయడమే. ఈ పందెం ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలంటే నెక్లెస్ రోడ్డు మీద కాకుండా ఊళ్లో చెట్టు దగ్గర మొదలుపెట్టాలి. ఇందుకు మద్దూరును ఎంచుకుందాం. సిద్దిపేట జిల్లాలో, చేర్యాలకూ జనగామకూ దగ్గర్లో ఉన్న ఈ మండల కేంద్రం 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది. మెట్ట నేలల సీమ ఇది. చెరువు కట్టల మీద, పొలాల గట్ల మీద తాళ్లు, ఈదులు కనిపిస్తాయి. చెట్లు గీసి కల్లు తీసే గీత పని ఈ ప్రాంత చరిత్రలో లోతుగా నాటుకుంది. మొఘలులను ఎదిరించి కోటలు కట్టిన సర్వాయి పాపన్న గీత కులమైన గౌడ కులంలో పుట్టినవాడు. ఆయన పేరు మోసిన ఖిలాషాపూర్ ఇక్కడికి దూరమేమీ కాదు. చేర్యాల నకాషీ పటాల్లో గౌడ పురాణాన్ని బొమ్మలు కట్టి చెప్పే సంప్రదాయమూ ఉంది. ఇంత పాత పనిలో ఇంకా ఎంత విజ్ఞానం దాగి ఉందో చూద్దాం.

చెట్టు లోపలి ఒత్తిడి

తాటి చెట్టు కల్లును తయారు చేయదు. చెట్టు తయారు చేసేది చక్కెర. కమ్మల్లో సూర్యరశ్మితో పుట్టిన చక్కెర సుక్రోజ్ రూపంలో, అంటే మనం చాయ్‌లో వేసుకునే చక్కెర రూపంలోనే, పోషక నాళాల గుండా చెట్టంతా తిరుగుతుంది. ఎక్కడ కొత్త కణాలు పుడుతున్నాయో, ఎక్కడ పువ్వో కాయో ఎదుగుతోందో అక్కడికి ప్రవహిస్తుంది. ఈ ప్రవాహం ఎట్లా నడుస్తుందన్న ప్రశ్నకు నేటికీ నిలబడిన జవాబును 1930లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మ్యూంక్ ఇచ్చాడు. చక్కెర చిక్కగా చేరిన చోటికి చుట్టుపక్కల కణజాలం నుంచి నీరు చొచ్చుకొస్తుంది. దాంతో అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. చక్కెర ఖర్చయ్యే చోట ఒత్తిడి తక్కువ. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడి వైపు రసం దానంతట అదే నడుస్తుంది. గుండె లేదు, పంపు లేదు.

ఆ ఒత్తిడి ఎంతుంటుంది? తాటి రసంలో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర ఉందనుకొని ద్రవాభిసరణ పీడనాన్ని లెక్క వేస్తే, ఎండాకాలపు వేడిలో అది 9 వాతావరణ పీడనాల దగ్గర తేలుతుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది దాదాపు నాలుగు రెట్లు. గొలను, అంటే చెట్టు పూగుత్తిని, కోస్తే రసం కారడంలో వింత లేదు. కోసిన తర్వాత కూడా రోజుల తరబడి ఆగకుండా కారడమే వింత.

ఎందుకంటే గాయమైన మొక్క ఊరుకోదు. తెగిన నాళాల కొసలను కొద్దిసేపట్లోనే మూసేసుకుంటుంది. ఈ మూతను ఓడించడమే గీత కార్మికుడి పనితనం. ఆయన పొద్దున, మాపున చెట్టెక్కి, గీత కత్తితో గొల కొసను కాగితమంత పల్చటి పొరగా చెక్కుతాడు. మూసుకున్న కొస తెగిపోయి కొత్త నాళాలు తెరుచుకుంటాయి. పొర మందమైతే గొల తొందరగా అయిపోతుంది. మరీ పల్చనైతే మూత పూర్తిగా తెగక ధార సన్నబడుతుంది. గీతకు ముందు గొలను ఒత్తడం, మెల్లగా కొట్టడం కూడా ఉన్నాయి. అట్లా నలిగితేనే ప్రవాహం సరిగ్గా మొదలవుతుందని గీత కార్మికులు అనుభవంతో కనిపెట్టారు. వృక్ష శాస్త్రవేత్తలు కూడా ఈ పద్ధతిని తరువాతి కాలంలో శ్రద్ధగా పరిశీలించారు.

తాటిలో మగ చెట్లు, ఆడ చెట్లు వేరువేరు. పోద్దాడు మగది, పండుదాడు ఆడది. రెండింటినీ గీస్తారు. రెండింటి గొలలూ వేరుగా ఉంటాయి కాబట్టి ఒత్తే తీరు, కట్టే తీరు వేరు. ఈత చెట్టు సంగతి మరోలా ఉంటుంది. అక్కడ గొలను ముట్టుకోరు. మొవ్వుకు కాస్త కింద కాండం మీదే చెక్కి, ఆ ముఖం నుంచి రసం పడతారు. తాటి, ఈత రెండూ కొబ్బరి కుటుంబానివే. వేప, చింతలాగా ఏటేటా లావయ్యే కాండం వీటికి లేదు. చెట్టు పడుచుగా ఉన్నప్పుడు ఏర్పడిన పోషక కణాలే దశాబ్దాల తరబడి బతికి పనిచేస్తూ ఉంటాయి. ఒకటే మొవ్వు, ఒకటే ప్రాణం. మొవ్వు చెడితే చెట్టు పోతుంది. కత్తి ఎక్కడ ఆగాలో గీత కార్మికుడికి తెలిసి ఉండటం వల్లనే ఒక చెట్టు తరాల తరబడి ఇంటిని సాకుతుంది.

లొట్టిలో మొదలయ్యే పందెం

నాళాల్లో ఉన్నంతసేపు ఆ రసంలో పులియబెట్టే జీవులు లేనట్టే. గొల కొస దాటి చుక్క బయటపడ్డ క్షణం నుంచి కథ మారుతుంది. గాలి నుంచి, గొల మీద వాలే ఈగలు, తేనెటీగలు, కందిరీగల కాళ్ల నుంచి, అన్నిటికన్నా ఎక్కువగా రసం పట్టే కుండ, అంటే నిన్నటి కల్లు మిగిలిన లొట్టి గోడల నుంచి సూక్ష్మజీవులు రసంలోకి దిగుతాయి. వాటికి అది పండుగ భోజనం. నీరుంది, చక్కెరుంది, ఖనిజాలున్నాయి, వెచ్చదనముంది.

ముందుగా లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా అందుకుంటుంది. పాలను పెరుగు చేసేవాటి చుట్టాలే ఇవి. అప్పుడే దిగిన రసం పీహెచ్ 7 దగ్గర, అంటే పులుపూ క్షారమూ లేని స్థితిలో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా పనితో ఒక రోజులోనే అది 4 దగ్గరికి పడిపోతుంది. వీటిలో ల్యూకోనోస్టాక్ అనేది చక్కెరను గొలుసులుగా అల్లి రసానికి కాస్త జిగటదనం కూడా ఇస్తుంది. పులుపు పెరిగేకొద్దీ దానికి తట్టుకోలేని జీవులు వెనక్కు తగ్గుతాయి. తట్టుకునే ఈస్టు ముందుకొస్తుంది. ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో ఈస్టు సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా చీల్చి, వాటిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. మూడో దశలో గాలి తగిలే చోట ఎసిటిక్ బ్యాక్టీరియా ఆ ఆల్కహాలునే తిని సిర్కా పులుపు చేస్తుంది. తాగేవాళ్లు పొద్దటి కల్లుకూ మాపటి కల్లుకూ రుచి తేడా చెబుతారంటే, వాళ్ల నాలుక ఈ మూడు దశల్లో ఎక్కడుందో పట్టేస్తోందన్నమాట.

వీటితో పాటు మరో ముఖ్యమైన జీవి జైమోమోనాస్. ఇది ఈస్టు కాదు, బ్యాక్టీరియా. అయినా ఈస్టులాగే చక్కెరను ఆల్కహాలు చేస్తుంది, అదీ చాలా వేగంగా. జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ 1920లలో దీన్ని మెక్సికోలోని పుల్కే అనే పానీయంలో గుర్తించాడు. కలబందను పోలిన అగావే మొక్క మొవ్వును తొలిచి, అందులో ఊరే తియ్యటి రసాన్ని పులియబెడితే వచ్చేదే పుల్కే. మెక్సికో రైతుకూ, పశ్చిమ ఆఫ్రికాలో తాటి జాతి చెట్లు గీసేవాళ్లకూ, మద్దూరు గౌడన్నకూ పరిచయం లేదు. అయినా ముగ్గురి కుండల్లోనూ ఒకే రకం జీవుల సమూహం చేరుతుంది. తియ్యటి చెట్టు రసం, వెచ్చని వాతావరణం కలిసిన ప్రతి చోటా ప్రకృతి ఇచ్చే జవాబు ఒకటే.

అప్పుడే దిగిన నీరా దాదాపు తేటగా ఉంటుంది. కల్లు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు పాలలోలాగా కొవ్వు వల్ల వచ్చింది కాదు. లక్షల కొద్దీ ఈస్టు, బ్యాక్టీరియా కణాలు రసంలో తేలుతూ వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చింది. తాటాకు రేకలో కల్లు పోసుకున్నప్పుడు కనిపించే తెల్లదనం ఒక బతికి ఉన్న సమాజం.

చక్కెర నుంచి మత్తు దాకా లెక్క

పులియడం ఉత్త రసాయన చర్యా, జీవుల పనా అని యూరపులో పెద్ద వాదమే నడిచింది. ఆ పని జీవులదేనని లూయీ పాశ్చర్ 1857 నుంచి వరుస ప్రయోగాలతో చూపించాడు. ఈస్టును నలిపి తీసిన, బతికి ఉన్న కణమే లేని రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్ నిరూపించాడు. ఆ పనికి 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది. జీవి లోపలి ఎంజైములే అసలు పనివాళ్లని అప్పుడు తేలింది. ఆధునిక జీవరసాయన శాస్త్రానికి పునాది పడింది సారా పీపా పక్కనే.

ఆ శాస్త్రంతో మన లొట్టి లెక్క చూద్దాం. 342 గ్రాముల సుక్రోజ్ పూర్తిగా పులిస్తే 184 గ్రాముల ఆల్కహాలు, 176 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తాయి. లీటరులో 120 గ్రాముల చక్కెర ఉంటే దాదాపు 65 గ్రాముల ఆల్కహాలు రావాలి. అంటే 82 మిల్లీలీటర్లు, సుమారు 8 శాతం. ఇది పై హద్దు. లాక్టిక్ బ్యాక్టీరియా తన వాటా తీసుకుంటుంది, కొంత చక్కెర పులవకముందే జనం తాగేస్తారు. అందుకే కల్లు తాగే మండువలో దొరికే అసలైన కల్లులో ఆల్కహాలు మామూలుగా 4, 5 శాతం దగ్గర ఉంటుంది.

ఈ లెక్కలో ఆశ్చర్యపరిచేది వాయువు. 120 గ్రాముల చక్కెర నుంచి వచ్చే 62 గ్రాముల కార్బన్ డయాక్సైడు మామూలు ఒత్తిడిలో 35 లీటర్ల జాగా ఆక్రమిస్తుంది. ఒక లీటరు రసం నుంచి ముప్పై అయిదు లీటర్ల వాయువు! లొట్టి మీద నురగ పొంగడం దీనివల్లే. కల్లును ప్లాస్టిక్ సీసాలో నింపి మూత బిగించి బస్సులో పెడితే సీసా ఉబ్బి పగలడానికీ ఇదే కారణం. గాజు సీసా అయితే ప్రమాదం ఇంకా పెద్దది. ఊరి నుంచి చుట్టాల కోసం కల్లు తీసుకెళ్లేవాళ్లు మూత వదులుగా ఉంచుకోవాలి.

బీరు ఆగుతుంది, కల్లు ఆగదు

బీరుకు వాడే బార్లీ గింజలో ఉండేది పిండి పదార్థం. దాన్ని మొలకెత్తించి, ఆ మొలక ఎంజైములతో చక్కెరగా మార్చి, ఆ తీపి నీళ్లను గంట దాకా మరిగిస్తారు. మరగడంతో అందులోని సూక్ష్మజీవులు దాదాపుగా చచ్చిపోతాయి. చల్లారాక తాము ఎంచుకున్న ఒకే ఒక జాతి ఈస్టును వేస్తారు. ఒక్క కణం నుంచి పెంచిన స్వచ్ఛమైన ఈస్టును 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ సాధించాడు. అప్పటి నుంచి బీరు రుచి చేసేవాడి చేతిలోకి వచ్చింది. పులిశాక వడగట్టి, వేడి చేసి సీసాలో బిగిస్తే పని ముగిసింది. బౌలింగ్ ఆటకు వెళ్లిన వాడికి సోమవారమైనా ఆదివారమైనా గ్లాసులో అదే రుచి దొరుకుతుందంటే కారణం ఇదే.

కల్లుకు ఈ సౌకర్యం లేదు. ఎవరూ ఈస్టు వేయరు, ఎవరూ మరిగించరు. పులియడం చెట్టు మీదే మొదలవుతుంది, తాగేవాడి గొంతు దిగేదాకా ఆగదు. వేడి చేసి ఆపుదామంటే చక్కెర, అమైనో ఆమ్లాలు కలిసి రంగు మారి, తాటి బెల్లం వాసన వస్తుంది. తాజా రుచి పోతుంది. కాబట్టి కల్లు ఎప్పుడూ ఊరి పానీయంగానే ఉండిపోయింది. చెట్టు నుంచి మనిషి ఎంత దూరం ఉండగలడన్నది రవాణా నిర్ణయించింది. మెక్సికోలో 19వ శతాబ్ది చివర రైలు మార్గాలు పడ్డాక, అపాన్ మైదానాల నుంచి రాజధానికి ప్రతి రోజూ పుల్కే రైళ్లు నడిచాయి. రైలు వేగమే అక్కడి పానశాలలను నిలబెట్టింది.

చల్లదనం కొనిచ్చే గంటలు

మద్దూరు నుంచి హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్లు. చెట్టు దిగి, పోగు చేసి, బండి ఎక్కించి, నగరం చేరి, గ్లాసులో పోసేసరికి సగం రోజు పోతుంది. ఆ సగం రోజులో ఏమవుతుందో సులువైన లెక్కతో చూడవచ్చు.

శుభ్రమైన లొట్టిలో ఒక మిల్లీలీటరు రసానికి వెయ్యి ఈస్టు కణాలతో మొదలైందనుకుందాం. 30 డిగ్రీల వేడిలో రెండు గంటలకోసారి అవి రెట్టింపవుతాయనుకుందాం. పది సార్లు రెట్టింపైతే వెయ్యి కాస్తా పది లక్షలు. దానికి 20 గంటలు పడుతుంది. ఇప్పుడు నిన్నటి కల్లు గోడలకు అంటుకుని ఉన్న లొట్టిని తీసుకుందాం. అందులో మొదలే లక్ష కణాలు. పది లక్షలు చేరడానికి ఏడు గంటల లోపే చాలు. అంటే లొట్టిని బాగా కడిగి, శుద్ధి చేసి కట్టడం ఒక్కటే 13 గంటలు సంపాదించి పెడుతుంది. ఇవి నమూనా అంకెలు, నిజమైన లొట్టిలో అవి అటూ ఇటూ మారతాయి. కానీ రెట్టింపుల లెక్క చెప్పే నీతి మారదు. మొదట్లో పడిన మలినమే అన్నిటికన్నా ఖరీదైనది.

రెండో ఆయుధం చల్లదనం. ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా సూక్ష్మజీవుల పని వేగం సుమారుగా సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. 4 డిగ్రీల దగ్గర ఈస్టు చావదు గానీ నిద్రపోయినట్టే ఉంటుంది. అందుకని నీరా సేకరణలో మామూలు లొట్టికి బదులు, మంచు నింపిన పెట్టెను చెట్టు మీదికే పంపే పద్ధతి వచ్చింది. కేరళలోని కాసరగోడ్‌లో ఉన్న కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి గొలకు కట్టే శీతల పెట్టెను రూపొందించింది. చుట్టూ మంచు, మధ్యలో రసం. అట్లా సేకరించిన కొబ్బరి నీరాకు ఆ సంస్థ కల్పరస అని పేరు పెట్టింది. తాటి నీరా మీద గోదావరి మన్యంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం పనిచేసింది. నీరా కేఫ్ కోసం తెలంగాణ ప్రభుత్వం భువనగిరి దగ్గరి నందనంలో సేకరణ, శుద్ధి కేంద్రాన్ని ఎంచుకోవడం కూడా ఈ లెక్కకు లోబడిందే. నగరానికి దగ్గర, తాళ్లు ఉన్న చోటు, బండి రెండు గంటల్లోపే చేరే దూరం.

మూడో పద్ధతి పాతది, సున్నం. లొట్టి లోపల సున్నం పూస్తే రసం బాగా క్షారమవుతుంది. ఈస్టుకు, ఇన్వర్టేజ్‌కు, బ్యాక్టీరియాకు ఆ క్షారం పడదు. తాటి బెల్లం వండేవాళ్లు, తమిళనాడులో పదనీర్ అమ్మేవాళ్లు తరతరాలుగా చేసేది ఇదే. సున్నం రుచి మారుస్తుంది కాబట్టి బెల్లానికి బాగుంటుంది, గ్లాసులో తాగే నీరాకు అంతగా నప్పదు.

ఈ మూడింటిలో ఏదీ పులియడాన్ని రద్దు చేయదు. గంటలు కొనిస్తుంది, అంతే. మధ్యలో ఒక్క చోట చల్లదనం తెగినా, ఒక్క పెట్టె ఎండలో గంట ఆగినా, అప్పటిదాకా కొన్న గంటలన్నీ ఖర్చయిపోతాయి. నీరా అని అమ్మే గ్లాసు నిజంగా నీరానో కాదో చెట్టు దగ్గర మొదలయ్యే ఈ శీతల గొలుసే తేలుస్తుంది.

గొలుసు లేని చోట ఏం జరుగుతుంది

ఇప్పటిదాకా చెప్పుకున్న శాస్త్రం ఒక చేదు నిజాన్ని కూడా వివరిస్తుంది. తాటి చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. అదీ ఏడాది పొడుగునా కాదు. చలికాలం చివర నుంచి ఎండాకాలం దాకా తాటికి మంచి రోజులు. వానాకాలంలో ధార తగ్గుతుంది. నగరపు దాహానికి కాలాలు లేవు, రోజూ ఒకే పరిమాణం కావాలి. హైదరాబాదులో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. దుకాణాలు తెరిచినంత వేగంగా తాళ్లు పెరగవు. నాటిన తాటి గీతకు రావడానికి పదేళ్లు దాటుతుంది. నిల్వ ఉండని సరుకు, తీరని గిరాకీ ఒకచోట కలిసినప్పుడు మోసానికి దారి పడుతుంది.

ఆ మోసం పేరు కల్తీ కల్లు. నీళ్లు, తీపి కోసం శాకరిన్, మత్తు కోసం మందులు. మొదట్లో క్లోరల్ హైడ్రేట్, తర్వాత డయాజెపామ్, ఇటీవల ఆల్ప్రజోలామ్. ఈ మందులు వైద్యుడి చేతిలో పనికొచ్చేవే. వాటి పని మెదడులో గాబా అనే రసాయనంతో ముడిపడి ఉంది. నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించి కుదుటపరిచే సంకేతం గాబా. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ ఆ సంకేతాన్ని బలపరుస్తాయి. ఆల్కహాలు కూడా అదే పని చేస్తుంది. రెండూ ఒకే గ్లాసులో కలిస్తే కుదుటపడటం హద్దు దాటి, ఊపిరి నడిపే కేంద్రాలు మందగిస్తాయి. ఎంత మందు కలిపారో తాగేవాడికి తెలియదు, కలిపినవాడికీ సరిగ్గా తెలియదు.

రెండో ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. రోజూ తాగే మెదడు ఈ మందుకు అలవాటుపడి, తన సొంత కుదుపును ఎదురుగా పెంచుకుంటుంది. ఒక రోజు మందు దొరక్కపోతే ఆ కుదుపు ఒక్కటే మిగులుతుంది. వణుకు, నిద్ర రాకపోవడం, అయోమయం, మూర్ఛలు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు, తెలంగాణ జిల్లాల ఆసుపత్రులకు సరిగ్గా ఈ లక్షణాలతో జనం వరుస కట్టారు. వాళ్లు కల్లుకు బానిసలని లోకం అనుకుంది. నిజానికి వాళ్లు తమకు తెలియకుండా తాగిన మాత్రలకు బానిసలు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడూ బయటపడింది ఆల్ప్రజోలామే.

రంగు చూసి, నురగ చూసి కల్తీని పట్టడం సాధ్యం కాదు. మిల్లీగ్రాముల్లో ఉండే మందును ప్రయోగశాలలో క్రోమటోగ్రఫీ లాంటి పద్ధతులతోనే నికరంగా తేల్చాలి. అలవాటు పడిన మనిషిని ఒక్కసారిగా మానిపించడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. వైద్యుల పర్యవేక్షణలో మోతాదు తగ్గిస్తూ రావాలి. ఇంట్లో ఎవరికైనా కల్లు మానగానే ఫిట్స్, అయోమయం కనిపిస్తే సిగ్గుపడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నీరాను ఎట్లా చూడాలి

నీరాను ఆరోగ్య పానీయంగా ప్రచారం చేయడం చూస్తున్నాం. అందులో పొటాషియం లాంటి ఖనిజాలున్న మాట నిజమే, ఆల్కహాలు లేకపోవడం పెద్ద మేలు. కానీ చక్కెర సంగతి మరిచిపోకూడదు. 12 శాతం చక్కెర ఉన్న నీరా ఒక 200 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే 24 గ్రాముల చక్కెర లోపలికి వెళ్తుంది. కూల్‌డ్రింకుల్లో ఉండేదీ దాదాపు ఇంతే. ఇట్లాంటి చక్కెరను రోజుకు 50 గ్రాములకు మించనివ్వవద్దని, 25 గ్రాముల లోపు ఉంచితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మధుమేహం ఉన్నవాళ్లు దీన్ని మందు అనుకోకూడదు.

అసలైన కల్లు సంగతీ అంతే నిజాయితీగా చెప్పుకోవాలి. 5 శాతం కల్లు ఒక లీటరు తాగితే దాదాపు 40 గ్రాముల ఆల్కహాలు ఒంట్లోకి వెళ్తుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాతో ఇది సమానం. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే తొలగించగలదు. నాలుగు గంటల పైన పడుతుంది. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి ఆల్కహాలు వేరే ఆల్కహాలు కాదు. కల్తీ లేని కల్లు కల్తీ కల్లు కన్నా ఎన్నో రెట్లు క్షేమం. దాని అర్థం ఎంత తాగినా ఫర్వాలేదని కాదు.

మరి నీరా ఎందుకు ముఖ్యం? గీత కార్మికుడి కోసం. మోకు, ముస్తాదు కట్టుకొని రోజుకు ఎన్నో చెట్లెక్కే ఆ మనిషికి ఒక్క పట్టు తప్పితే వెన్నెముక విరుగుతుంది, లేదా ప్రాణం పోతుంది. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాల పంపిణీని ప్రభుత్వం మొదలుపెట్టింది. పడిపోకుండా పట్టి ఉంచే తాడు, నడుము పట్టీ చెట్టు మీద ఉండే ప్రమాదాన్ని తగ్గిస్తాయి. చెట్టు దిగాక ఉండే ప్రమాదం మరొకటి. మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోని సరుకు విలువ పడిపోతుంది. శీతల పెట్టె ఉన్నవాడు బేరం ఆడగలడు. లేనివాడు ఎవరు ఏ ధర చెబితే దానికి ఇచ్చేయాలి. మంచు పెట్టె రసాన్ని మాత్రమే కాపాడదు, దాన్ని తీసినవాడి మాటకు విలువనూ కాపాడుతుంది.

అందువల్ల నెక్లెస్ రోడ్డు మీద ఒక అందమైన భవనం కట్టడం ఈ పనిలో చివరి మెట్టు. మొదటి మెట్లు మద్దూరు లాంటి ఊళ్లలో పడాలి. శుద్ధి చేసిన పాత్రలు, చెట్టు మీదికే వెళ్లే మంచు పెట్టెలు, ఊరికి దగ్గర్లో ఒక శీతల గది, గీత సొసైటీల చేతిలోనే నడిచే సేకరణ, ప్రతి జిల్లాలో కల్తీని తేల్చే ప్రయోగశాల, చెరువు కట్టల మీద కొత్తగా నాటిన తాళ్లు, ఈదులు. వీటిలో ఏదీ అందని సాంకేతికత కాదు. పాల సేకరణలో ఇదే పని మన ఊళ్లు దశాబ్దాలుగా చేసి చూపించాయి. పాలకు సాధ్యమైనది తాటి రసానికీ సాధ్యమే. సూక్ష్మజీవుల కాలానికి గౌరవం ఇచ్చి ఆ గొలుసును కట్టుకుంటే నగరానికి నిజమైన నీరా అందుతుంది, గీత కార్మికుడికి న్యాయమైన ధర అందుతుంది, మందు కలిపేవాడికి చోటు మిగలదు.